నది గట్టున నగరం, నెత్తిన బాంబులు – 4వ పాఠం: గండి పడ్డాక పోటు వచ్చేలోగా

గత పాఠంలో నది గోడను ముక్కలుగా విడగొట్టి, ఎత్తులు కొలిచి, నంబర్లు రాయడం నేర్చుకున్నాం. ఈసారి ఆ గోడ మీద బాంబు పడింది. అక్కణ్నుంచి మొదలుపెడదాం. మన ఉదాహరణ ఎప్పటిలాగే రెండో ప్రపంచ యుద్ధం నాటి లండన్.

థేమ్స్ అక్కడ సముద్రపు ఆటుపోట్లకు లేచి దిగే నది. పెద్ద పోటు రోజుల్లో లండన్ బ్రిడ్జి దగ్గర నీటిమట్టం ఆరేడు మీటర్లు మారుతుంది. లాంబెత్, బెర్మండ్సీ, ఐల్ ఆఫ్ డాగ్స్ లాంటి పేటల్లో నేల పోటు మట్టం కంటే పల్లం. 1928 జనవరి 6-7 రాత్రి ఏ బాంబూ లేకుండానే, సముద్రపు ఉప్పెన నీరు తోసుకొచ్చి మిల్‌బ్యాంక్ దగ్గర గోడ కూలింది. ఆ వరదలో 14 మంది చనిపోయారు. అందుకే యుద్ధం రాగానే లండన్ కౌంటీ కౌన్సిల్ చీఫ్ ఇంజినీరు థామస్ పీర్సన్ ఫ్రాంక్ నది పొడవునా నాలుగు డిపోల్లో మనుషుల్ని, సామాను సిద్ధంగా ఉంచాడు. కీలకమైన చోట్ల గోడ వెనక రెండో గోడ కట్టించాడు. 1940-45 మధ్య నది గోడకు 120కి పైగా దెబ్బలు తగిలినా నగరం మునగలేదు. శత్రువుకు తెలిస్తే గోడలకే గురిపెడతాడని ఈ పనిని గుట్టుగా ఉంచారు. ఆ కూలీలకు, మేస్త్రీలకు దక్కాల్సిన పేరు దక్కకపోవడం మాత్రం అన్యాయమే.

ముందు గడియారం లెక్క. ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. గోడ పగిలి, మిగిలిన అంచు (దీన్ని గండి గడప అందాం) పోటు మట్టానికి 2 మీటర్ల కింద ఉందనుకోండి. ఆటుపోట్ల తేడా 6.5 మీటర్లయితే, ప్రతి పోటులో నీరు గడప మీద దాదాపు 4 గంటల 40 నిమిషాలు నిలుస్తుంది. మిగతా 7 గంటల 45 నిమిషాలు గండి పొడిగా ఉంటుంది. చీకటి, మంటలు, మళ్లీ దాడి, రోడ్డుకు అడ్డంగా కూలిన ఇళ్లు, అన్నీ ఈ వ్యవధిలోనే. కాబట్టి డిపోలో పోటు వేళల పట్టిక గోడకు అంటించి ఉండాలి. కబురు తెచ్చేవాడు మూడే చెప్పాలి: గోడ నంబరు, గండి వెడల్పు, గడప లోతు.

ఆ మూడూ ఎందుకంటే, నీటి లెక్కకు అవే కావాలి. గండిలోంచి సెకనుకు వచ్చే ఘనపు మీటర్లు సుమారుగా 1.7 × వెడల్పు × (లోతు × లోతు వర్గమూలం). వెడల్పు 10 మీటర్లు, లోతు 2 మీటర్లయితే 48. పోటు నడినెత్తిన ఉన్న ఒక్క గంటలో 43 ఎకరాల్లో మీటరు లోతు నీళ్లు నిలుస్తాయి. ఇప్పుడు ఈ సూత్రాన్ని ఇంకోసారి చూడండి. గండిని సగం వెడల్పుకు మూస్తే నీరు సగమే తగ్గుతుంది. పైగా ఇరుకైన దారిలో నీరు ఉరికి, అడుగును, అంచుల్ని కోసేస్తుంది. అదే గడపను ఒక మీటరు పైకి లేపితే నీరు మూడో వంతుకు పడిపోతుంది. అందుకని రెండు చివర్లకూ ముందు బస్తాలు పేర్చి కోత ఆపి, తర్వాత మొత్తం వెడల్పునా వరసవరసగా సమానంగా ఎత్తు పెంచుకుంటూ రావాలి. ఒక పక్కనుంచి నింపుకుంటూ పోవడం చాలా చోట్ల జరిగే తప్పు.

బస్తాల లెక్క: 10 మీటర్ల పొడవు, మీటరు ఎత్తు, మందం అడుగున 3 మీటర్లు, పైన అర మీటరు. మొత్తం 17.5 ఘనపు మీటర్లు. బస్తాకు 0.02 ఘనపు మీటర్ల చొప్పున 875. చినిగేవి, జారేవి కలుపుకుని 1,000. అంటే 30 టన్నుల పైమాటే. అయిదు టన్నుల లారీలైతే ఆరేడు ట్రిప్పులు. బస్తాలు ముందే నింపి ఉంచితే పని చురుగ్గా సాగుతుంది గానీ, తడిలో గోనె పుచ్చిపోయి ఎత్తగానే అడుగు ఊడుతుంది. కొంత భాగమే నింపి కప్పు కింద పెట్టి, మిగతాది ఖాళీ గోనెలుగా, ఇసుకమట్టి కుప్పగా ఉంచడం మేలు.

బస్తాను మూడింట రెండు వంతులే నింపాలి. బిగుతుగా నింపితే అది గుండ్రంగా నిలిచి, పక్కదానితో కలవక సందుల్లోంచి నీరు కారుతుంది. మూతి మడిచి ఆ మడత కింద పడేలా పరిచి, కాలితో తొక్కాలి. పై వరస ఇటుకల కట్టులా కింది అతుకుల మీద కూర్చోవాలి. అన్నిటికంటే ముందు, బాంబు వదులు చేసిన మట్టిని గట్టి నేల తగిలేదాకా తీసి, బంకమట్టి దట్టించాలి. ఉత్త రాళ్లు, ఇటుక ముక్కలు పోస్తే గండి మూసుకున్నట్టే కనిపిస్తుంది, నీరు మాత్రం ఆగదు. పేలని బాంబు ఉందేమో తేలేదాకా అక్కడ పార వేయకూడదు. ఆ సమయంలో వెనక రింగ్ బండ్ (గండిని చుట్టి వేసే కట్ట) వేసుకోవచ్చు.

పైకి చెక్కుచెదరని గోడను కూడా నమ్మకండి. నది పాటుకు (పోటు తగ్గే వేళకు) దిగేటప్పుడు గోడ అతుకుల్లోంచి కారే నీటిని దోసిట పట్టి చూడండి. తేటగా ఉంటే పర్వాలేదు. బురదగా ఉంటే వెనక మట్టి కొట్టుకుపోతోందని అర్థం. నగరం వైపు బుంగ పడితే నోరు మూయొద్దు, నీరు ఇంకోచోట తన్నుకొస్తుంది. చుట్టూ బస్తాలు గుండ్రంగా పేర్చి, లోపలి నీరు తేటబారేదాకా ఎత్తు పెంచాలి. మురుగు కాలువ నదిలో కలిసేచోట ఉండే రెక్క తలుపునూ చూడాలి. దాంట్లో శిథిలం ఇరుక్కుంటే గోడ నిలిచినా ఊరు మురుగులోంచి మునుగుతుంది.

మన దగ్గర ఇదే పద్ధతిని ఉన్నదున్నట్టు వాడలేం. 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు గండ్లను పారే నీటికి ఎదురుగానే పూడ్చాల్సి వచ్చింది; సైన్యం రాళ్లు నింపిన వైరు బుట్టలు వాడింది. పాటు వేళ పొడి నేల దొరకడం ఆటుపోట్ల నదికే ఉన్న వెసులుబాటు.

అభ్యాసం: వెడల్పు 6 మీటర్లు, గడప లోతు 1 మీటరు. సెకనుకు ఎంత నీరు? అర మీటరు ఎత్తు పెంచితే ఎంత తగ్గుతుంది? ఆటుపోట్ల తేడా 6.5 మీటర్లే అనుకుని, గండి ఎన్ని గంటలు పొడిగా ఉంటుందో కాగితం మీద గీసి చూడండి. జవాబులు 5వ పాఠంలో, నది కింది రైలు సొరంగాలకు వేసిన ఉక్కు తలుపుల సంగతితో పాటు.