పోస్టరు మీద అక్షరం అరిగినట్టు కనబడాలంటే

పాత చెక్క అచ్చుతో కొట్టినట్టు మందంగా, అక్కడక్కడా ఇంకు అంటని అక్షరాలు కావాలని నాటకాలవాళ్ళు తరచూ అడుగుతుంటారు. ఇంగ్లిషులో ఇలాంటి ఫాంట్లు కుప్పలు. తెలుగులో దొరికినా నేను వాడను. మామూలుగా ఫాంటులో ‘ప’ మీద ఒక గీరు ఉంటే, ఆ గీరు ప్రతి ‘ప’ మీదా అక్కడే ఉంటుంది. కంప్యూటర్ పని అని ఇట్టే తెలిసిపోతుంది. అందుకే శుభ్రమైన ఫాంటుతో లైను మొత్తం పేర్చుకుని, ఆ తర్వాత దాన్ని అరగదీస్తాను.

‘పాత కథల పందిరి’ అనే శీర్షిక చేస్తున్నాం అనుకోండి. ఎక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ చేసిన ‘బాలూ తమ్ముడు 2’ ఫాంటులో అన్నిటికన్నా మందమైన ఎక్స్‌ట్రా బోల్డ్ తీసుకోండి. ఉచితం, ఓపెన్ లైసెన్సు. మూలలు గుండ్రంగా ఉండి సగం పని అదే చేసిపెడుతుంది. ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైపు చేస్తే ఒత్తులు చక్కగా కూర్చుంటాయి. ఫొటోషాప్‌లో విడిపోతే టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఆప్షన్ ఉందేమో చూడండి.

శీర్షికను 30 పాయింట్లలో లేజర్ ప్రింటు తీయండి. ఇంక్‌జెట్ వద్దు, దాని ఇంకు కాగితంలోకి ఇంకిపోతుంది, రాలదు. ఆ ప్రింటును జీరాక్స్ షాపులో 200 శాతానికి పెంచి, వచ్చినదాన్ని మళ్ళీ 200కి పెంచమనండి. అంచులు గరుకుదేలతాయి. ఇప్పుడు కాగితాన్ని అడ్డదిడ్డంగా మడిచి, మడత మీద గోటితో గట్టిగా రుద్దండి. విప్పితే టోనరు, అంటే కాగితం మీద అంటిన నల్ల ఇంకు, పొడిలా రాలి, నల్లటి అక్షరంలో సన్నని తెల్లగీత పడుతుంది. ‘పా’లో ఒకలా, ‘పం’లో ఇంకోలా. మిగతా చోట్ల వాడేసిన గరుకు కాగితంతో ఒక్కసారి అలా తాకించి వదిలేయండి. ఎక్కువ రుద్దితే అది పాతదనం కాదు, ఎలుకలు కొట్టిన కాగితం!

ఒక్కచోట మాత్రం చెయ్యి పడకూడదు. ‘థ’ పొట్టలో చుక్క పోతే ‘కథ’ కాస్తా ‘కధ’ అవుతుంది. అరుగుదల అని ఎవరూ అనుకోరు, అక్షరం రాదనుకుంటారు. ‘ధ’, ‘భ’ల కింది గీతలకూ ఇదే జాగ్రత్త. తలకట్టు, ‘ల’ మెలిక లాంటి చోట్ల మాత్రం ధైర్యంగా గీకొచ్చు.

600 డీపీఐలో, నలుపు తెలుపుల్లో కాకుండా గ్రేస్కేల్‌లో స్కాన్ చేయండి. ఇంక్‌స్కేప్‌లోకి తెచ్చి బొమ్మను గీతలుగా మార్చే ట్రేస్ బిట్‌మ్యాప్ తెరిచి, అందులో బ్రైట్‌నెస్ కటాఫ్ ఎంచుకోండి. ఆ అంకె పెంచితే అక్షరం లావెక్కుతుంది, తగ్గిస్తే అరుగుతుంది, 0.45 దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ కదపండి. చిన్న నలకల్ని తీసేసే స్పెకల్స్ విలువ తక్కువే ఉంచండి, ఎక్కువైతే నలకలన్నీ మాయమై మళ్ళీ కొత్త ఫాంటులా తయారవుతుంది. వెనక ఉన్న స్కాన్ బొమ్మ తీసేసి పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. అక్షరాలు అప్పటికే గీతలైపోయాయి కాబట్టి ఫ్లెక్సు షాపులో ఆ ఫాంటు లేకపోయినా ఒత్తులు చెదరవు. అంచులు నున్నగా చేస్తామని వాళ్ళు అంటే మాత్రం వద్దని ముందే చెప్పండి.