ఊరి చరిత్రను ఆధారాల నుంచి చదవడం ఎలా: విశాఖలో ఒక విద్యార్థి నేర్చుకున్న పద్ధతి

డిగ్రీ పూర్తయ్యే వరకు నేను చరిత్రను గైడు పుస్తకంలోంచే చదివాను. ఎం.ఏ. మొదటి సెమిస్టరులో స్థానిక చరిత్రపై ప్రాజెక్టు చేయమన్నప్పుడు ‘విశాఖపట్నం చరిత్ర’ అని శీర్షిక పెట్టి, రెండు వారాలు తిరిగి, చేతికి ఏమీ చిక్కక వెనక్కి వచ్చాను. అలాంటి ప్రాజెక్టు మొదలుపెట్టబోయే వారికి నేను ముందుగా చెప్పేది ఇదే: ఊరి మొత్తాన్ని తలకెత్తుకోవద్దు. సిటీ బస్సులో వెళ్లి చూసి రాగలిగిన ఒక చోటును, ఒక్క వాక్యంలో అడగగలిగిన ఒక ప్రశ్నను ఎంచుకోండి. నేను చివరికి రెండు ప్రశ్నలతో కుదురుకున్నాను. సింహాచలం గుడి గోడల మీద దానాలు రాయించినవారు ఏం ఆశించి రాయించారన్నది ఒకటి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసినప్పుడు ఊళ్లో జనం ఏం చేశారన్నది రెండవది.

ప్రశ్న కుదిరాక ఒక రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొని, కుడి పేజీలో ఆధారం ఏం చెబుతున్నదో, ఎడమ పేజీలో దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం తయారు చేశారో రాసుకోవాలి. ఎడమ పేజీ నిండిన తర్వాతనే కుడి పేజీ మొదలుపెట్టాలన్నది నేను పెట్టుకున్న నియమం. ఏ ఆధారమూ మన ప్రశ్నకు జవాబు చెప్పడానికి పుట్టలేదు గనుక, అది దేని కోసం పుట్టిందో తెలియకుండా అది చెప్పే మాటను అంచనా వేయలేము.

శాసనాలతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే అవి తొందరపడే విద్యార్థిని వెంటనే పట్టేస్తాయి. సింహాచలం శాసనాల పాఠాలు చాలావరకు ‘దక్షిణ భారత శాసనాలు’ (సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్) అనే గ్రంథమాల ఆరవ సంపుటంలో అచ్చయి ఉన్నాయి. ముందు అచ్చు పాఠం చదివి, తర్వాత కొండకు వెళ్లి రాతిని చూడటం సులువైన దారి. అక్షరాలు పొద్దుటి ఏటవాలు వెలుతురులో బాగా కనిపిస్తాయి. స్పష్టత కోసం సుద్ద గాని, పిండి గాని రాయకూడదు, రాయి పాడవుతుంది. ఫొటో తీయడానికి ఆలయ నియమాలు ఒప్పుకోని చోట పెన్సిలుతో రాసుకోవడమే మార్గం, నిజానికి అలా రాసుకున్న అక్షరమే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

తేదీ లెక్క దగ్గర జాగ్రత్త అవసరం. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని అందరికీ తెలుసు; అయితే శక సంవత్సరం చైత్రంతో మొదలవుతుంది కాబట్టి పుష్య మాసం చివరి నుంచి ఫాల్గుణం వరకు ఉన్న తేదీలకు సాధారణంగా 79 కలపాలి. శాసనంలో సంవత్సరం పేరు ఉంటే దానితో సరిచూసుకోవచ్చు: శక 1438, అంటే 1516, ధాత నామ సంవత్సరం. అరవై ఏళ్ల చక్రంలో అదే పేరు మళ్లీ మళ్లీ వచ్చి 1996లోనూ వచ్చింది గనుక, పేరొక్కటే ఉంటే కాలం తేలదు, శక సంఖ్యకు అది తోడు సాక్షి మాత్రమే. ఇక కళింగను ఏలిన గాంగులు, గజపతుల శాసనాల్లో రాజు పాలన ఏళ్లను చెప్పే అంకం లెక్క వేరు. అందులో 1, 6, ఆరుతో అంతమయ్యే అంకెలన్నీ, పది తప్ప సున్నాతో అంతమయ్యే అంకెలన్నీ వదిలేస్తారు. నేను 25వ అంకం అంటే రాజు పాలనలో 25వ ఏడు అనుకుని సెమినారులో ధైర్యంగా చెప్పేశాను. మా మేడమ్ ఏమీ అనకుండా బోర్డు మీద ఒకటి నుంచి ఇరవై ఐదు వరకు అంకెలు రాసి, 1, 6, 16, 20లను కొట్టేసి, మిగిలినవి లెక్కపెట్టమన్నారు. ఇరవై ఒకటి వచ్చింది. ఆ నాలుగేళ్ల తేడాతో నేను కట్టిన వాదమంతా కూలిపోయింది.

ఎడమ పేజీ ఎందుకు ముఖ్యమో శ్రీకృష్ణదేవరాయల శాసనం చూస్తే అర్థమవుతుంది. కళింగ దండయాత్ర సందర్భంగా ఆయన 1516లో సింహాచలం వచ్చారు, 1519లో మళ్లీ వచ్చారు. ఉదయగిరి, కొండవీడు, కొండపల్లి, రాజమహేంద్రవరం గెలిచిన వరుసంతా శాసనం ఏకరువు పెడుతుంది. దీన్ని దండయాత్ర దినచర్యగా చదివితే సగమే చదివినట్టు. ఏ గజపతిపై ఆయన యుద్ధం చేస్తున్నారో ఆ గజపతుల ఆదరణలో ఉన్న గుడిలోనే ఈ గెలుపుల జాబితా, స్వామికి సమర్పించిన కానుకల వివరం చెక్కించారు. చదివేవారు ఎవరో తెలిసే ఆ రాత రాయించారని నా అభిప్రాయం. ఓడినవారి వైపు మాట ఆ గోడ మీద వెతికితే దొరకదు.

రాత లేని చోట పేరును, వస్తువును కలిపి చదవాలి. భీమిలి రోడ్డు పక్కన ఉన్న తొట్లకొండ బౌద్ధారామం గురించి తర్వాతి తరాలకు ఏమీ తెలియదు. వారికి కనిపించినవి రాతిలో తొలిచిన నీటి తొట్లు, అందుకే ఆ పేరు. దగ్గర్లోని మరో బౌద్ధారామం బావికొండకు పేరూ అలాగే, అక్కడి బావుల వల్ల వచ్చింది. 1988 నుంచి 1993 వరకు జరిగిన తవ్వకాల్లో తొట్లకొండ మీద శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా బయటపడ్డాయి. రోమన్ నాణెం కనిపించగానే రోమన్లే కొండెక్కి వచ్చారని రాసేవారు మా తరగతిలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. నాణెం చేతులు మారుతూ వస్తుంది. అది సముద్ర వ్యాపారంతో సంబంధాన్ని చెబుతుందే గాని, తెచ్చిన మనిషి ఎవరో చెప్పదు.

బ్రిటిష్ కాలపు గెజెటీర్లు (ప్రభుత్వం అచ్చువేసిన జిల్లా వివరాల పుస్తకాలు), జనాభా లెక్కలు చదివేటప్పుడు రెండు చిక్కులు ఎదురవుతాయి. మొదటిది పేరు: విశాఖపట్నం అని వెతికితే దొరకనివి వైజాగపటం, వాల్తేర్, బిమ్లిపటం అనే ఇంగ్లీషు స్పెల్లింగులతో వెతికితే దొరుకుతాయి. రెండవది, ఎక్కువమంది పట్టించుకోనిది, జిల్లా ఎల్లలు. 1907 నాటి గెజెటీరులోని విశాఖపట్నం జిల్లాలో జయపురం, కోరాపుట్ కూడా కలిసే ఉన్నాయి. 1936లో అవి ఒరిస్సాకు వెళ్లాయి; 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడిపోయాయి. కాబట్టి నాటి జిల్లా అంకెను నేటి జిల్లా అంకె పక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో రాయడం తప్పు. తాలూకా స్థాయికి దిగి, ఏ తాలూకా ఎప్పుడు ఎటు వెళ్లిందో ఎడమ పేజీలో రాసుకున్నాకే పోల్చాలి. విసుగు పుట్టించే పని అయినా దీనికి అడ్డదారి లేదు.

పెద్దవారి నోటి మాటకు నేను మొదట్లో ఇవ్వవలసిన విలువ ఇవ్వలేదు. 1942 బాంబుల గురించి మా నాయనమ్మ తన తల్లి చెప్పగా విన్న సంగతి చెప్పింది: “మా యమ్మ సెప్పేది బాబూ, రేత్రి దీపాలార్పేసి సీకట్లో కూకునీవోరంట, అప్పుడే బాంబులేసేసినారంట.” అయితే దాడి జరిగింది పట్టపగలు. తేడా కనిపించగానే ఆమె మాటను కొట్టిపారేసి, కాగితాల్లో ఉన్నదే నిజమని రాసుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఆ మాటలో రెండు జ్ఞాపకాలు కలిసిపోయాయని తోచింది. దీపాలు ఆర్పుకుని భయంతో గడిపిన రాత్రులు ఎన్నో, బాంబులు పడిన పగలు ఒక్కటే. ఆ ఒక్క పగటిని జ్ఞాపకం రాత్రుల్లోకి లాక్కుపోయింది. దాడి ఏ వేళ జరిగిందో ఆ మాట సరిగ్గా చెప్పలేకపోయింది, కానీ జనం ఏం చేశారన్న నా అసలు ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. అందుకని పెద్దవారితో మాట్లాడేటప్పుడు తేదీలు అడిగి వారిని ఇబ్బంది పెట్టకండి. ఆ రోజు పొయ్యి వెలిగిందా, ఊరు విడిచి ఎవరింటికి వెళ్లారు, వెళ్తూ వెంట ఏం పట్టుకెళ్లారు అని అడగండి. రికార్డు చేసే ముందు అనుమతి తీసుకోండి. ఆ సంగతి తమ కళ్లతో చూశారా, విన్నారా అన్నది విడిగా రాసుకోండి.

ఆధారాలు ఒకదానితో ఒకటి ఢీకొన్నప్పుడు సగటు తీయడం మా తరగతిలో అందరికీ ఉన్న జబ్బు. 1971 డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ సంగతి చూడండి. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌక వేసిన డెప్త్ చార్జీల (నీటి లోతులో పేలే బాంబుల) వల్ల మునిగిందని భారత నౌకాదళం చెబుతుంది. లోపలి పేలుడు వల్లనో, తాను అమర్చిన మైన్ల వల్లనో మునిగిందని పాకిస్తాన్ వైపు వాదన. రెండు కథనాలు కలిపి మూడోది వండకూడదు. రెండూ ఒప్పుకునేవి ఏమిటో ముందు రాయాలి: జలాంతర్గామి మునిగింది, అందులో ఉన్న 90 మందికి పైగా అందరూ చనిపోయారు, అది విశాఖ దగ్గరే జరిగింది. ఆ తర్వాత ఎవరు ఏం చెప్పారో, అలా చెప్పడం వల్ల ఎవరి ప్రతిష్ఠ నిలబడుతుందో విడివిడిగా రాసి, తేలనిది తేలలేదనే వదిలేయాలి. అలా వదిలేస్తే మార్కులు తగ్గుతాయని భయపడ్డాను గాని, తగ్గలేదు.

రాసేటప్పుడు ప్రతి వాక్యం పక్కన నోట్‌బుక్ పేజీ సంఖ్య వేసుకోండి. సంఖ్య వేయలేని వాక్యం ఊహ కాబట్టి, దాన్ని ఊహగానే చెప్పండి. ఇంతకు మించి అందులో చెప్పడానికి ఏమీ లేదు.

ప్రాజెక్టు అప్పజెప్పాక ఒక ఆదివారం నాయనమ్మను బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియానికి తీసుకెళ్లాను. జపాన్ విమానాలు వేసిన బాంబు అక్కడ ప్రదర్శనలో ఉంది. ఆమె కళ్లజోడు సరిచేసుకుని చాలాసేపు చూసింది. “ఇదేనేటి? ఇంత సిన్నదా?” అని నా వైపు తిరిగింది. ఆ రాత్రి ఆ మాటను కుడి పేజీలో రాసి, ఎడమ పేజీలో మా నాయనమ్మ అని, తేదీ వేసి, ‘కళ్లతో చూసి చెప్పినది’ అని రాసుకున్నాను.