కేంద్రక సంలీనం: లెక్కనూ కొలతనూ పోల్చడం – 4వ పాఠం

గత పాఠంలో హైడ్రోజన్ బరువైన రూపాలైన డ్యుటీరియం (ద్రవ్యరాశి సుమారు 2), ట్రిటియం (సుమారు 3) కేంద్రకాల సంలీనపు క్రాస్ సెక్షన్‌ను, అంటే చర్య జరిగే అవకాశపు కొలతను, సిద్ధాంతం ప్రకారం గీసి, ప్రయోగాల పట్టికతో సరిచూడమన్నాను. మీలో చాలామందికి గీసిన రేఖలో శిఖరం 64 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వచ్చింది, పట్టికలో అది 107 దగ్గర ఉంది. అందుచేత సిద్ధాంతమే తప్పిందని రాశారు. తప్పింది సిద్ధాంతం కాదు. క్రాస్ సెక్షన్‌లను పోల్చడానికి వాడే ఎస్ ఫ్యాక్టర్‌ను ఈ వారం వివరంగా చెప్పాలనుకున్నాను గానీ, ఈ చిక్కు తీరకుండా ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు.

పట్టికలో ఉన్నది కదలని ట్రిటియం మీదికి వదిలిన డ్యుటీరియం పుంజపు శక్తి. అందులో కొంత భాగం రెండు కేంద్రకాలూ కలిసి ముందుకు సాగడానికే పోతుంది. వాటిని ఒకదానికొకటి దగ్గర చేసేది మిగిలిన భాగమే, అదే ద్రవ్యరాశి కేంద్ర శక్తి. పుంజపు శక్తిని లక్ష్యపు ద్రవ్యరాశితో గుణించి మొత్తం ద్రవ్యరాశితో భాగించండి: 107లో అయిదింట మూడు వంతులు, అంటే 64. ట్రిటియాన్నే పుంజంగా వదిలితే అదే శిఖరం 160 దగ్గర కనిపిస్తుంది. పట్టిక చేతికి రాగానే పక్కన మరో నిలువు వరుస గీసి, ప్రతి శక్తినీ ఇలా మార్చి రాసుకోనిదే నేను గ్రాఫు మొదలుపెట్టను.

హీలియం-3 కేంద్రకాలు రెండు కలిసే చర్యలో ఈ పొరపాటు మరీ ప్రమాదకరం. ద్రవ్యరాశి కేంద్ర శక్తి 16.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు బదులు పుంజపు శక్తి 33ను సిద్ధాంతపు సూత్రంలో వేస్తే, గామో ఘాతం (వికర్షణను దాటి కేంద్రకాలు కలిసే సంభావ్యతను చెప్పే ఘాతీయ పదం) ఒక్కటే 60 వేల రెట్లకు పైగా మారిపోతుంది.

క్రాస్ సెక్షన్‌ను శక్తితో గుణించి, గామో ఘాతంతో భాగిస్తే ఎస్ ఫ్యాక్టర్ వస్తుంది. శిఖరాలకు దూరంగా అది నెమ్మదిగా మారుతుంది కనుక, పోలిక ఎప్పుడూ దానితోనే చేయండి.

అభ్యాసం: ఇటలీలోని గ్రాన్ సాసో పర్వతంలో, దాదాపు 1400 మీటర్ల రాతి కింద కేంద్రక చర్యలను కొలిచిన లూనా ప్రయోగ బృందం 1999లో ప్రచురించిన ఫలితాల్లో, పైన చెప్పిన హీలియం-3 చర్యకు 16.5 దగ్గర నెలకు సుమారు రెండు చర్యలే నమోదయ్యాయి. లక్ష్యంలోని ఎలక్ట్రాన్లు కేంద్రకాల వికర్షణను కొంత కప్పివేస్తాయి. సిద్ధాంతం ప్రకారం అది 240 ఎలక్ట్రాన్ వోల్టుల మేలుతో సమానం, దానివల్ల అక్కడ క్రాస్ సెక్షన్ సుమారు 30 శాతం పెరగాలి. ఆ పెరుగుదలను రెండే చర్యలున్న ఆ ఒక్క బిందువు చూపగలదా? గణాంక దోషాన్ని లెక్కించి, 10 శాతం దోషంతో తేల్చాలంటే అదే వేగంతో ఎన్ని నెలలు లెక్కిస్తూ కూర్చోవాలో రాయండి.