వోల్టులు, ఆంపియర్లు తెలిస్తే ఓమ్‌లు, వాట్లు లెక్కకట్టడం

వోల్టేజీని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్ (ఓమ్‌లు), గుణిస్తే పవర్ (వాట్లు). లెక్క ఇంతే, తప్పులు ఎక్కువగా కొలతలోనే దొర్లుతాయి.

వోల్టేజీకి మీటరు ప్రోబులను లోడు (కరెంటు వాడుకునే పరికరం) రెండు కొసలకూ ఆనించండి. కరెంటుకైతే సప్లయి ఆపి, ఒక వైరు విప్పి, మీటరును ఆ దారి మధ్యలో కలపాలి. ప్రోబును మీటరు మీది ఆంపియర్ల సాకెట్లోనే మరిచిపోయి వోల్టేజీ చూడబోతే మీటరు దాదాపు షార్టే, లోపలి ఫ్యూజు పోతుంది.

12 వోల్టుల దగ్గర 250 మిల్లీఆంపియర్లు చూపించిందనుకోండి. ముందు 1000తో భాగించి 0.25 ఆంపియర్లు చేయండి. 12 ÷ 0.25 = 48 ఓమ్‌లు; 12 × 0.25 = 3 వాట్లు. అది రెసిస్టరైతే 3 వాట్లది హద్దు మీద నడుస్తుంది, 5 వాట్లది వేయండి. అదీ వేడెక్కుతుంది, ప్లాస్టిక్‌కు తగలనీయకండి.

ఆర్పేసి ఉన్న ఫిలమెంటు బల్బును ఓమ్‌మీటరుతో కొలిస్తే లెక్కలో వచ్చినదానికన్నా చాలా తక్కువ చూపిస్తుంది. మీటరు తప్పు కాదు, ఫిలమెంటు చల్లగా ఉన్నప్పుడు రెసిస్టెన్స్ తక్కువ. సింగిల్ ఫేజ్ ఏసీ మోటారుకైతే వాట్ల కోసం పవర్ ఫ్యాక్టర్‌తోనూ (వోల్టులు × ఆంపియర్లలో నిజంగా పవర్ అయ్యే వంతు) గుణించాలి.