మధ్యయుగ చర్చిలను చూడటం నేర్చుకుందాం – 3వ పాఠం: కిటికీని చదవడం

క్రితం పాఠంలో చర్చి ప్లాను చూశాం. ఈసారి పాఠమంతా ఒక్క కిటికీ మీదే.

ప్యారిస్‌లోని మోంపర్నాస్ స్టేషన్లో రైలెక్కితే గంట, గంటంబావులో షార్త్ర్ అనే ఊరు చేరతాం. అక్కడి పాత కథీడ్రల్ (బిషప్ ఉండే పెద్ద చర్చి) 1194లో చాలావరకు కాలిపోయింది. 1220 కల్లా ప్రధాన కట్టడం మళ్లీ లేచింది. ఆనాటి రంగుటద్దాలు చాలావరకు ఇంకా అక్కడే ఉన్నాయి.

లోపలికి వెళ్లగానే ఫోన్ తీయకండి. కళ్లు చీకటికి అలవాటుపడేదాకా కూర్చోండి. పూజ జరుగుతుంటే అయ్యేదాకా కదలొద్దు. తర్వాత పడమటి ద్వారం నుంచి కుడివైపు పక్కనడవలో (స్తంభాల వరసకు అవతల గోడ వెంట పోయే దారిలో) మంచి సమరయుని కిటికీ వెతకండి. దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ని ఆదుకున్న సమరయ ప్రాంతపు మనిషి గురించి యేసు చెప్పిన కథ అది. అడుగున చెప్పులు కుట్టేవాళ్లు కనిపిస్తే ఆ కిటికీ అదే. ఆ పనివాళ్లే దీనికి డబ్బిచ్చారని చరిత్రకారులు చాలాకాలంగా చెబుతున్నారు.

పేజీలాగా పైనుంచి మొదలుపెడితే కథ తిరగబడుతుంది. కింద మొదలుపెట్టి పైకి, ఒక్కో వరసలో ఎడమ నుంచి కుడికి చదవాలి. యెరూషలేము నుంచి బయల్దేరిన బాటసారి, మీదపడ్డ దొంగలు, చూసీ చూడనట్టు పోయే యాజకుడు (పూజారి), లేవీయుడు (ఆలయ సేవకుడు), గాయాలకు కట్టు కట్టే సమరయుడు, పూటకూళ్ల ఇల్లు. ఇక్కడిదాకా బైబిల్లోని లూకా సువార్త 10వ అధ్యాయమే.

ఆ పై గడిలో ఉన్నట్టుండి ఆదాము, బైబిల్ చెప్పే మొదటి మనిషి! తర్వాత హవ్వ, పండు, ఏదెను తోట నుంచి గెంటివేత, వాళ్ల కొడుకు కయీను చేతిలో తమ్ముడు హేబెలు చావు. రెండు కథలు ఒకే కిటికీలోకి ఎందుకొచ్చాయి? అగస్టీన్ వంటి తొలి శతాబ్దాల క్రైస్తవ పండితులు చెప్పిన అర్థం తెలిస్తే ముడి విడిపోతుంది. యెరూషలేము అంటే పరదైసు, ఆదాము పోగొట్టుకున్న స్వర్గం. దెబ్బలు తిని పడి ఉన్నవాడు ఆదాము, అంటే మనుషులందరూ. ఎత్తుకుని మోసిన సమరయుడు క్రీస్తు, పూటకూళ్ల ఇల్లు క్రైస్తవ సంఘం. అందుకే అన్నిటికంటే పైన క్రీస్తు కూర్చుని ఉంటాడు. ఇది తెలిశాక మళ్లీ కింది నుంచి చూడండి. ఆ దారిన పడి ఉన్నది నేనే అనిపిస్తుంది. ఆ కిటికీ ముందు మోకరించేవాళ్లను నేను పర్యాటకులుగా చూడలేను.

అభ్యాసం: ప్రయాణానికి ముందే లూకా 10:25–37 తెలుగులో రెండుసార్లు చదవండి. తర్వాత కిటికీ ఫోటో ఒకటి తీసుకుని ఒక్కో గడికి ఒక్కో వాక్యం రాయండి. ఆదాము మొదలయ్యే చోట గీత గీయండి. వచ్చే పాఠంలో ఇదే చర్చి నేలమీద రాళ్లతో పరిచిన చిక్కుదారిలో నడుద్దాం.