అనుకున్నది జరగనప్పుడు నేను ప్రార్థన మొదలుపెట్టిన తీరు

ఉద్యోగం పోయిన నెలలో నాకు ప్రార్థన రాలేదు. మోకరిస్తే ఏడుపే. మీదీ అదే పరిస్థితి అయితే సొంత మాటల కోసం వెతుక్కోకండి. బైబిల్లో 13వ కీర్తన తెరిచి, గట్టిగా చదవండి. ఉన్నవి 6 వచనాలే. అందులో దావీదు రాజు ‘ఎన్నాళ్లు?’ అని దేవుణ్ణే నిలదీస్తాడు. కాబట్టి మీరూ అడగొచ్చు, అది అవిశ్వాసం కాదు. 5వ వచనంలో ‘నేనైతే’ అంటూ స్వరం మారుతుంది. అక్కడికి చేరలేని రోజు 2వ వచనం దగ్గరే ఆగిపోండి. నేను చాలా రోజులు అక్కడే ఆగాను.

తర్వాత బైబిల్లోనే అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చదవండి. అపొస్తలుడైన పౌలు బితూనియ ప్రాంతానికి వెళ్లాలనుకున్నాడు, దారి మూసుకుపోయింది. చేరింది ఫిలిప్పీ పట్టణానికి. అక్కడ దెబ్బలు, చెరసాల. అర్ధరాత్రి ఆ చెరసాలలోనే తోటి సేవకుడు సీలతో కలిసి పాటలు పాడాడు.

ఒంటరిగా మాత్రం మోయకండి. సంఘంలో ఒక్కరికైనా ‘నా కోసం ప్రార్థించండి’ అని ఈ వారమే చెప్పండి.