మామిడి సీజన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కేముందు

చిత్తూరు చుట్టుపక్కల పల్ప్ ఫ్యాక్టరీల్లో తోతాపురి సీజన్ మొదలైతే రాత్రీపగలూ డ్రమ్ములే, కొత్తగా ఫోర్క్‌లిఫ్ట్ తోలే తమ్ముళ్ళు బండి తియ్యకముందే ఇవి చూసుకోండి.

– బ్రేకు, హారన్, టైర్లు, చైన్లు, కింద ఆయిల్ కారిందా. ఏది తేడాగా ఉన్నా తాళం సూపర్‌వైజర్‌కి ఇచ్చేయండి.

– ఒక్కో పల్ప్ డ్రమ్ము 200 కేజీల పైనే, ప్యాలెట్ మీద నాలుగుంటే ఎంతో లెక్కేసుకుని బండి మీదున్న కెపాసిటీ ప్లేటు (బండి ఎంత బరువు ఎత్తగలదో దాని మీద రాసుంటుంది) చూడండి.

– లోడుతో పోయేటప్పుడు ఫోర్కులు (లోడు ఎత్తే ముందటి రెండు కమ్ములు) నేలకి జానెడు లోపే. ర్యాంపు మీద లోడు ఎప్పుడూ ఎగువ వైపే ఉండాల.

– ఈ బండికి తిరిగేది వెనక చక్రాలు కదా, ముందు ఖాళీగా ఉందని తిప్పేస్తే వెనక భాగం పక్కకి విసురుగా వస్తుంది, నా కళ్ళముందే ఒకన్న డ్రమ్ముల వరసకీ బండికీ మధ్య ఇరుక్కున్నాడు, ఆయన చెప్పు ఒకటి మామిడి రసంలో అట్లే పడుండె, ఇప్పటికీ మర్చిపోలేను. తిప్పేముందు వెనక్కి చూడండి నాయనా.

– నేల మీద రసం, తొక్కలుంటే కడిగించాకే పోనివ్వండి.

– సీటుబెల్టు తప్పదు. బండి ఒరిగితే దూకొద్దు, దూకినోళ్ళ మీదే పడుతుంది, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని పడే వైపుకి కాకుండా అవతలి వైపుకి వాలండి.